రియోహా పీపాయి చరిత్రము

స్పెయిను దేశపు ఉత్తరభాగమున, ఎబ్రో నది యొడ్డున వ్యాపించిన రియోహా సీమలో పుట్టెడి ఎఱ్ఱవైనునుగూర్చి ప్రసంగించువారు దానిని సంప్రదాయ మార్గమనియు, నవీన మార్గమనియు రెండుగా విభజించి, మొదటిది అనాదిసిద్ధమైనట్లును, రెండవది నిన్నమొన్న పరదేశమునుండి దిగుమతియైనట్లును మాటలాడుట పరిపాటి. కాని చరిత్రను పరిశీలించినచో ఆ రెండింటికిని పుట్టినిల్లు ఒక్కటే, అది ఫ్రాన్సు దేశమందలి బోర్డో నగరము.

బోర్డో పద్ధతి రాకపూర్వము ఆ సీమ రైతులు చేసికొనుచుండిన వైను వేఱు. ద్రాక్షగుత్తులను కాడలతోడనే, చితుకగొట్టకుండ, ‘లగార్’ అను రాతితొట్టిలో పోసెడివారు. అడుగునున్న పండ్లు పైబరువునకు నలిగి రసమూరి పులియనారంభింపగా, మీదిపండ్లు పగులకయే లోలోపల పులిసెడివి. కొన్నిదినముల పిమ్మట మనుష్యులు తొట్టిలో దిగి కాళ్లతో త్రొక్కెడివారు. ఆ వైనును తోలుతిత్తులకెత్తి సంతలకు తోలుచుండిరి. అది ఏ యేటి కాయేడు త్రాగవలసినదే గాని, నిలువకును దూరప్రయాణమునకును ఓర్చునది కాదు. 18వ శతాబ్ది చివర లబాస్తీదా గ్రామస్థుడైన మానుయేల్ కింతానో అను మతాచార్యుడు బోర్డో పద్ధతిని నేర్చి, వైనును ఓక్ పీపాయిలలో నిలువజేసెను. వైను బాగుగనే నిలిచెను గాని, ఊరివైనుల కెల్ల ఒక్కటే ధర కట్టెడి అధికారులు ఆయనకు పీపాయిల ఖర్చు రాబట్టుకొను వీలు కల్పింపలేదు. మేలుసరకును నాసిసరకును ఒకే ధర కమ్మవలెనన్న చోట పనితనమునకు పూనుకొనువా రెవరు?

19వ శతాబ్ది మధ్యమున ఆ చిక్కు వీడెను. బోర్డోలో విద్య గఱచిన లూసియానో ముర్రియేతా 1852లో పీపాయివైనును సముద్రముదాటించెను. ఆలవా మండల పాలకులు బోర్డోనుండి జాన్ పినో అను నిపుణుని రావింపగా, గడువు తీఱినపిమ్మట ఆయనను మార్కేస్ దె రిస్కాల్ అను ప్రభువు తన ఎల్సియేగో వైనుశాలకు నియమించుకొనెను. ఇంతలో ఫిలోక్సెరా అను సూక్ష్మకీటకము ఫ్రాన్సున ద్రాక్షతీగల వేళ్లు పట్టి తోటలను పాడుపెట్టుటచే, సరకు కఱవైన బోర్డో వర్తకులు రియోహాలోని ఆరో పట్టణమునకు వచ్చిచేరిరి. అచ్చటి రైలుస్టేషను చుట్టును వైనుశాలలు వెలసెను. ఆ శతాబ్ది ముగియుసరికి పురుగు రియోహా తోటలకును ప్రాకెను.

నేడు సంప్రదాయమని కొనియాడబడెడి పద్ధతి ఆ దినములలో కుదుటపడినదే. బోర్డో పీపాయి కొలతయైన 225 లీటర్లను అట్లే యుంచుకొని, ఫ్రెంచి కలపకు బదులు అట్లాంటికు వర్తకమున చవకగా వచ్చెడి అమెరికా ఓకును వారు వాడుకచేసిరి. వెనిల్లా, కొబ్బరి వాసనలు ఆ కలప పెట్టిన భిక్షయే. ఏండ్లకొలది పీపాయిలో నుండుటచే ముదురెఱుపు క్రమముగా ఇటుకవన్నెకు దిగును. దీనిని కన్నులార చూడగోరువారు ఆరోలో 1877లో స్థాపితమైన లోపెస్ దె ఎరెదియా వైనుశాలకు పోవలెను. అచట పీపాయిలను తమ పనివారే కట్టుదురు. గుడ్ల తెల్లసొనను గిలకొట్టి పోసి వైనును తేర్చి, మడ్డి కదలకుండ తేటను మఱొక పీపాయిలోనికి దింపుదురు. నేలమాళిగలో దట్టముగా పట్టిన సాలెగూళ్లను మాత్రము దులుపనీయరు: బిరడాలను తొలిచెడి చిమ్మటలను సాలీళ్లు భక్షించునని వారి లెక్క.

ఇక నవీనమార్గము. స్పెయిను అంతర్యుద్ధకాలమున ప్రవాసము పోయిన కుటుంబమున ఫ్రాన్సులో పెరిగి, అచటనే ద్రాక్షతోటల యజమానియైన ఎన్రీకె ఫోర్నేర్, 1970లో సెనిసేరో గ్రామమున మార్కేస్ దె కాసెరెస్ వైనుశాలను నెలకొల్పి, బోర్డో ఆచార్యుడగు ఎమిల్ పెనో సలహాపై, ఉక్కుతొట్లలో వేడిమిని అదుపుచేసి పులియబెట్టి, ఫ్రెంచి ఓకున కొలదికాలమే యుంచి, పండువాసన చెడకముందే సీసాల కెత్తించెను. 1990 దశకమున వచ్చినవారు దీనిని మితిమీఱించి, నల్లగా చిక్కగా, క్రొత్తకలప ఘాటుతో వైనులు చేసిరి. వానిలో పెక్కింటికి బరువే గాని సొగసు తక్కువ.

చట్టము మాత్రము చిరకాలము నిలువనే గుణముగా నెంచెను: మేలుతరగతియైన గ్రాన్ రెసెర్వా అనిపించుకొనుటకు ఎఱ్ఱవైను 5 ఏండ్లు ఆగవలెను, అందు కనీసము 2 ఏండ్లు పీపాయిలో. కాని ఆ వైను ఏ తోట పంటయో చీటిమీద చెప్పుకొనుటకు ప్రత్యేక గౌరవ మేమియు లేకుండెను. తోటకు విలువ నీయని యీ నియమముపై ఉత్పత్తిదారులు పెక్కుమంది గట్టిగా పట్టుపట్టినపిమ్మట, 2017లో నియంత్రణ మండలి, 35 ఏండ్లకు తక్కువ వయసులేని తీగలుగల ఒంటితోటలను పేరుపేరున గుర్తించుట కంగీకరించెను.