ఏరు అక్కర్లేని చేప

విజయవాడలో ఓ మోస్తరు రెస్టారెంటు దేనికి వెళ్ళినా మెనూలో చేపల పేజీ దాదాపు ఒకేలా ఉంటుంది. అపోలో ఫిష్, ఫిష్ ఫ్రై, చేపల పులుసు, రొయ్యల ఇగురు, రొయ్యల బిర్యానీ. వానాకాలమైతే అదనంగా 'పులస దొరుకును' అని ఓ కాగితం ముక్క. ఊరి పక్కనే కృష్ణ పారుతోంది కదా, ఇందులో కృష్ణలోంచి వచ్చిన చేప ఏది అని అడిగితే మాత్రం జవాబు చెప్పడం కష్టం. పులస గోదావరిది. పులుసులోని శీలావతి, బొచ్చె ఎక్కువగా కైకలూరు, ఆకివీడు వైపు చెరువులవి. రొయ్య అసలు ఈ ఖండానిదే కాదు. ఇదంతా వంటవాళ్ళ ఇష్టాయిష్టాల వల్ల జరిగింది కాదు. దీని వెనక నూట డెబ్భై ఏళ్ళ నీళ్ళ చరిత్ర ఉంది.

కాటన్ దొర ప్రణాళికతో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయింది 1855లో. డెల్టా పొలాలకి అది ఏం చేసిందో చిన్నప్పట్నించీ పాఠాల్లో చదువుకున్నాం. చేపలకి ఏం చేసిందో ఏ పాఠంలోనూ లేదు. సముద్రంలో ఉన్నప్పుడు విలస అని, ఏరెక్కితే పులస అని మనం పిలిచే చేప ఒకప్పుడు కృష్ణలోకీ ఎదురీదేది. గుడ్లు పెట్టడానికి అది మంచినీళ్ళలోకి రావాలి. పెద్ద మంచినీటి రొయ్యది దీనికి తిరుగు ప్రయాణం: పిల్లల కోసం ఉప్పునీళ్ళ దాకా దిగుతుంది, ఆ పిల్లలు మళ్ళీ పైకి ఎక్కుతాయి. ఏటికి అడ్డంగా గోడ కడితే ఈ రెండిటి బతుకూ చిక్కులో పడుతుంది. ఈ సంగతి అప్పట్లో ఎవరూ గమనించలేదని కాదు. మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే, భారత, బర్మా దేశాల మంచినీటి చేపల మీద 1873లో వెలువడిన తన నివేదికలో ఆనకట్టలు చేపల దారుల్ని మూసేస్తున్నాయని రాశాడు, వాటికి దారి వదలమన్నాడు. పన్ను వరిమీద వస్తుంది గానీ ఎదురీదే చేప మీద రాదు కదా!

అయితే ఆనకట్ట తీసుకున్నదే కాదు, ఇచ్చింది కూడా ఉంది. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ, వాటి పిల్లకాలవలు, మురుగు కోడులు, వరి మళ్ళు, వీటన్నిట్లోకీ నీళ్ళతోపాటు చేపలూ వచ్చాయి. మా అమ్మమ్మది అవనిగడ్డ దగ్గర పల్లె. వేసవిలో కాలవ కట్టేస్తే ఊరు ఊరంతా ఊతలూ వలలూ పట్టుకుని అడుగునీళ్ళలోకి దిగేవాళ్ళని చెప్పేది. కొరమేను, మట్టగిడస, వాలుగ, జెల్ల, ఇంగిలాయి, మార్పు, గొరక, బొమ్మిడాయి, పరిగె. ఈ పేర్లన్నీ నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు, ఆవిడ నోట విన్నాను. ఒక్కోదానికీ ఒక్కో వంట. బొమ్మిడాయిలు బూడిదతో తోమి చింతపండు పులుసు. పరిగెలు కరకరలాడేట్టు వేపుడు. చేపలకి వేరే మట్టి దాక, రాత్రి వండిన పులుసు పొద్దున్నకి పెరుగన్నం ముందు. సముద్రం మరీ దూరం కాకపోయినా ఐసు లేని రోజుల్లో అది లోపలి ఊళ్ళకి ఎక్కువగా ఎండబెట్టిన రూపంలోనే వచ్చేది: ఎండు నెత్తళ్ళు, సావిడాయిలు, వంకాయలోకీ చింతచిగురులోకీ ఎండురొయ్యలు.

నా దృష్టిలో ఈ కథ మలుపు తిరిగింది 1957లో. పాత ఆనకట్టకి 1952లో గండి పడ్డాక మొదలైన ప్రకాశం బ్యారేజీ ఆ ఏడే పూర్తయింది. అదే ఏడు జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఓ పని చేసి చూపించాడు. శీలావతి, బొచ్చె లాంటివి నిలవనీళ్ళలో పెరుగుతాయే గానీ గుడ్లు పెట్టవు, వాటికి వరద పారే ఏరు కావాలి. అందుకే అంతకుముందు చేపపిల్లల్ని నదుల్లో పట్టి తెచ్చుకునేవాళ్ళు. చౌధురి ఇంకో చేప తలలోంచి తీసిన పిట్యూటరీ గ్రంథి సారాన్ని ఇంజెక్షన్ చేసి, ఈ జాతి చేపల చేత ఏరు లేకుండానే గుడ్లు పెట్టించాడు. ఇవాళ దేశమంతా జూలై 10న చేపల రైతుల దినం జరుపుకునేది ఇందుకే. ఒకే ఏడాది, ఇక్కడ ఏటికి అడ్డంగా కొత్త గోడ లేచింది, అక్కడ ఏరు అక్కర్లేని చేప పుట్టింది. ఈ రెండిటికీ సంబంధం లేదు. కానీ మన కంచంలోకి వచ్చేసరికి రెండూ కలిశాయి. పైన నాగార్జునసాగర్, శ్రీశైలం కట్టాక సముద్రానికి వెళ్ళే నీళ్ళు ఇంకా తగ్గాయి. కొత్త వరి విత్తనాలతో వచ్చిన పురుగుమందులు మళ్ళలోని మట్టగిడసల్నీ పరిగెల్నీ తుడిచేశాయి. ఖాళీ అయిన చోటులోకి చెరువు చేప వచ్చింది.

అది పెద్దఎత్తున వచ్చింది కొల్లేరులోంచి. 1970ల్లో అక్కడి మత్స్యకారుల కోసమని సహకార సంఘాల పేర మొదలైన చెరువులు తర్వాత పెట్టుబడి ఉన్నవాళ్ళ చేతుల్లోకి పోయాయి. 1999లో కొల్లేరుని అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో ప్రభుత్వమే గట్లు కొట్టించింది. ఆ చేపలో ఎక్కువ భాగం మనం తినం. ఐసులో వేసి లారీల్లో కలకత్తాకీ అస్సాముకీ పంపుతాం. అక్కడ దీన్ని 'చలానీ' అంటారు, అంటే బయట్నించి దిగిన సరుకు. 2018 జూలైలో ఫార్మలిన్ అనుమానంతో అస్సాం ప్రభుత్వం కొన్నాళ్ళు మన చేపని ఆపేస్తే ఇక్కడి చెరువుల దగ్గర గుండె ఆగినంత పనైంది.

రొయ్యదీ అదే దారి. టైగర్ రొయ్యని 1990ల మధ్యలో తెల్లమచ్చ రోగం దెబ్బ తీసింది. 2009లో కేంద్రం వనామీకి అనుమతి ఇచ్చింది. మెక్సికో నుంచి పెరూ దాకా పసిఫిక్ తీరంలో పుట్టే రొయ్య ఇది. మన చెరువుల్లో పెరిగి, తల తీయించుకుని ఎక్కువగా అమెరికాకి పోతుంది. 2025 ఆగస్టులో ఆ దేశం మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచాక, మనవాళ్ళే రొయ్యలు ఎక్కువ తినాలన్న మాట గట్టిగా వినపడింది. ఇన్నేళ్ళూ పండించిన ఊళ్ళో అమ్మకం గురించి ఎవరూ పెద్దగా ఆలోచించలేదన్నమాట.

పాతది మంచిది, కొత్తది చెడ్డది అని నేననను. చెరువు చేప వల్లే ఇవాళ మామూలు సంసారం కూడా ఆదివారం కిలో చేప కొనుక్కోగలుగుతోంది, అది తక్కువ సంగతి కాదు. రెస్టారెంటులో బోన్‌లెస్ ముక్క నాకూ ఇష్టమే. కానీ ముల్లు తీసేసిన ముక్క ఏ చేపదో నాలుకకి తెలియదు, వడ్డించేవాడికీ తెలియదు, బిల్లు మీద ఉండేది 'ఫిష్' అన్న ఒక్క మాటే. అమ్మమ్మ తొమ్మిది పేర్లు చెప్పేది. వాటిలో సగం నా తర్వాతి వాళ్ళకి చూపించాలన్నా ఎక్కడ చూపించాలో తెలీదు. తొలకరి తర్వాత ఒక్కోసారి విజయవాడలో కాలవ వంతెన పక్కన ఎవరో ఒకావిడ తట్టలో గొరకలో, పరిగెలో పెట్టుకుని కూర్చుంటుంది. కనపడితే కొనండి. శుభ్రం చేయడం రాకపోతే ఆవిడనే అడగండి, చెబుతుంది. కొనేముందు పేరు కూడా అడగండి.