పంటిపాచి కథ

పండ్లు తోముకొనునప్పుడు చిగుళ్లనుండి నెత్తురు వచ్చినచో, వయస్సు మీరినదనియో వేడిచేసినదనియో మనము సరిపెట్టుకొందుము. నేనును అట్లే తలచి, నెత్తురు వచ్చినచోట వేపపుల్ల తగులనీయక విడిచితిని. మూడేండ్లలో ముందరి పండ్లు రెండు కదలి ఊడినవి.

మా రాంగోపాల్‌పేటకు అనతిదూరమున, బేగంపేటలో, 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ దొర దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచెను. కంటికి కానరాని ప్రాణి రోగకారణమగునని ఈ ప్రాంతమువారికి వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి ప్రాణులు మన నోటనే కాపురమున్నవని అంతకు రెండువందల యేండ్లకు ముందే కనుగొన్నవాడు హాలండు దేశపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్. ఆతడు నిత్యము ఉప్పుతో పండ్లు తోముకొనువాడు. అయినను పండ్ల సందున మిగిలిన తెల్లని పాచిని వాననీట కలిపి, తాను చేసికొన్న భూతద్దముతో చూడగా, చురుకుగా ఈదులాడు జీవములు కానవచ్చినవి. 1683లో లండనులోని రాయల్ సొసైటీకి ఆ సంగతి వ్రాసెను.

మన సుశ్రుతాచార్యుడు దంతమూలరోగములు పదునైదని గణించెను. అందు శీతాదమున చిగుళ్లనుండి అకస్మాత్తుగా రక్తము స్రవించునని చెప్పెను. అకస్మాత్తనగా కారణము తెలియకయే కదా! ఆ కారణము పాచిలో దాగియున్నది.

దీనిని రూఢిపరచినది 1965 నాటి పరీక్ష. డెన్మార్కులో హరాల్డ్ లోయె అను వైద్యుడును ఆయన తోడివారును ఆరోగ్యవంతులైన పండ్రెండుగురిచేత పండ్లు తోముట మాన్పించిరి. మూడువారములలోపల అందరి చిగుళ్లును వాచినవి. మరల తోమనారంభింపగా వాపు తీసినది.

ఇక వాపు పుట్టు విధము వినుడు. చిగురు అంచున పేరుకొన్న సూక్ష్మజీవులు విషపదార్థములను విడుచును. వానిని ఎదుర్కొనుటకు దేహము రక్తనాళములను విప్పి తెల్లకణములను పంపును. ఎరుపును, వాపును, నెత్తురును అందువలననే కలుగును. పాచి తొలగనిచో ఈ పోరు ఏండ్లతరబడి సాగును. దొంగను పట్టవచ్చిన కావలివారే ఇల్లు పీకినట్లు, ఆ కణములు విడుచు ద్రవ్యములు పంటిని ఎముకకు బంధించు నారలను కరగించును. పిమ్మట ఎముకయు క్షీణించును. పండ్లు ఊడుటకు క్రిములకంటె మన దేహపు కోపమే హెచ్చు కారణమనుట నాకు మిక్కిలి వింతగా తోచినది.

ఈ కథలో మనవాడొకడు కలడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలో ఆయన నాయకత్వమున జరిగిన పరిశోధనలలో ఆరియోమైసిన్ బయటపడి 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. ఆ యేటనే ఆయన కీర్తిశేషులైరి. ఆ కుటుంబపుదే డాక్సీసైక్లిన్. క్రిములను చంపుటకు చాలనంత తక్కువ మోతాదులో, 20 మిల్లీగ్రాముల చొప్పున, నారలను కరగించు ద్రవ్యమును అణచుటకై దానిని వాడ 1998లో అమెరికా ప్రభుత్వము అనుమతించెను. అయితే గట్టిపడిన గారను మందు కరగింపజాలదు. దంతవైద్యుడు గీకి తీయవలసినదే.

నేనును తీయించుకొంటిని. నెత్తురు వచ్చినచోటనే మెత్తని కుంచెతో రెండుపూటల తోమగా, రెండువారములకు అది నిలిచినది. ఊడిన పండ్లు మాత్రము రాలేదు.