రాతిగోడ బొమ్మలకు వయసెంత?

అమెరికాలోని యూటా రాష్ట్రంలో హార్స్‌షూ కేన్యన్ అనే లోతైన లోయ ఉంది. పాత పేరు బ్యారియర్ కేన్యన్. అక్కడి ‘గ్రేట్ గ్యాలరీ’ రాతిగోడ మీద సుమారు 200 అడుగుల పొడవునా ఎర్రమట్టి రంగుతో మనిషెత్తు బొమ్మలున్నాయి. చాలావాటికి చేతులూ కాళ్లూ ఉండవు. ఫొటో చూపిస్తే మా హాస్టల్ పిల్లలు “దెయ్యాలా మేడమ్?” అన్నారు. ఒక బొమ్మకు బయటివాళ్లు పెట్టిన పేరూ అలాంటిదే: ‘హోలీ ఘోస్ట్’.

1940లో ప్రభుత్వ ఉపాధి పథకం కింద చిత్రకారుడు లిన్ ఫాసెట్ బృందం ఈ బొమ్మలను అసలు కొలతల్లో గుడ్డ మీదికి దించింది. మరుసటి ఏడు ఆ నకలును న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో ప్రదర్శించారు. 1971లో పాలీ షాఫ్స్మా, పీబాడీ మ్యూజియంలోని పాత ఫొటోలు పరిశీలించి, ఈ తరహాకు ‘బ్యారియర్ కేన్యన్ శైలి’ అని పేరు పెట్టారు.

చిక్కంతా వయసు దగ్గరే. మట్టిరంగు కార్బన్ పరీక్షకు లొంగదు. దగ్గరలోని కౌబాయ్ గుహ తవ్వకాల్లో, బాగా పాత పొరల్లో ఇలాంటి మట్టిబొమ్మలు దొరికాయి. దాంతో కొందరు ఈ చిత్రాలకూ వేల ఏళ్ల వయసు కట్టారు.

2014లో జోయెల్ పెడర్సన్ బృందం బొమ్మలను వదిలి చుట్టూ ఉన్న నేలను పరీక్షించింది. ఒకచోట బొమ్మల్లో కొంత భాగంతో సహా గోడ పెచ్చు ఊడిపడింది. ఇసుక రేణువు చివరిసారి ఎప్పుడు ఎండ చూసిందో కొలిచే పద్ధతిలో, అది పడి సుమారు 900 ఏళ్లయిందని తేలింది. కాబట్టి బొమ్మలు అంతకుముందువే. మరోవైపు, ఆ గోడను ఒకప్పుడు ఒండ్రుమట్టి కప్పి ఉండేది. అది కోసుకుపోయాకే గీయడానికి చోటు దొరికింది. రెండూ కలిపి చూస్తే క్రీ.శ. 1కీ 1100కీ మధ్య కాలం.

పాతదైతేనే గొప్ప అనుకునేవారికి ఇది నిరాశే. మాకు మాత్రం ఆసక్తి ఇక్కడే పెరిగింది. మొక్కజొన్న పండించేవాళ్లు ఆ ప్రాంతంలో స్థిరపడిన కాలమూ అదే. వేటా సేద్యమూ పక్కపక్కనే సాగిన రోజులన్నమాట.

ఇంతవరకూ మాట్లాడినవాళ్లు చిత్రకారులు, మ్యూజియంవాళ్లు, భూగర్భ శాస్త్రవేత్తలు. మన సవర ఇంటి గోడమీది బొమ్మ ఎందుకు వేశారో తెలియాలంటే ఆ ఇంటివాళ్లనే అడగాలి కదా! హోపీ ఆదివాసులు ఆ నేలమీది పాత ఊళ్లనూ రాతి గుర్తులనూ తమ పూర్వీకుల అడుగుజాడలంటారు. ఆ మాటకు కాగితం మీద చోటు దొరకడానికి చాలాకాలం పట్టింది. అదే యూటాలో, రాతిచిత్రాలున్న బేర్స్ ఇయర్స్ ప్రాంతాన్ని 2016లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 2022లో హోపీలతో సహా ఐదు తెగలు దాని నిర్వహణలో భాగస్వాములుగా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నాయి. అక్కడి కొత్త బోర్డు మీద ఆ ఐదు తెగల ముద్రలూ ఉన్నాయి.