కృత్రిమ కీళ్ళ పాలీఎథిలీన్

కృత్రిమ కీళ్ళ పాలీఎథిలీన్ అనగా తుంటి, మోకాలి కీలుమార్పిడి శస్త్రచికిత్సలలో లోహపు భాగానికి ఎదురుగా, మృదులాస్థికి బదులుగా అమర్చే ప్లాస్టిక్ పదార్థము. దీని పూర్తి పేరు అల్ట్రా హై మాలిక్యులర్ వెయిట్ పాలీఎథిలీన్. రసాయనికంగా ఇది అంగడి సంచులు చేసే పాలిథీన్ కుటుంబానికే చెందినది. అయితే దీని గొలుసు అణువులు చాలా పొడవైనవి; అణుభారం సుమారు 20 లక్షల నుండి 60 లక్షల వరకు ఉంటుంది. కరిగించినా నీరువలె పారదు కనుక, పొడిని వేడిచేసి అధిక పీడనంతో దిమ్మెలుగా నొక్కి, ఆ దిమ్మెలను చెక్కి భాగాలను తయారుచేస్తారు.

చరిత్ర

ఆధునిక తుంటి మార్పిడికి ఆద్యుడు ఇంగ్లండుకు చెందిన సర్ జాన్ చార్న్‌లీ (1911-1982). ఆయన మొదట టెఫ్లాన్ గిన్నెలు వాడాడు. రెండు మూడేళ్ళలోనే అవి అరిగి, ఆ పొడి చుట్టుపక్కల కణజాలాన్ని పాడుచేసింది. అనేకమందికి తిరిగి శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. 1962 నవంబరు నుండి ఆయన పాలీఎథిలీన్‌కు మారాడు. అంతకు ముందు వలె పొరపడకుండా, రెండు పదార్థాల నమూనాలనూ తన తొడలోనే పెట్టించుకొని చూశాడు. కొన్ని నెలల తరువాత టెఫ్లాన్ ఉన్న చోట గడ్డలు కట్టగా, పాలీఎథిలీన్ ఉన్న చోట అటువంటి మార్పు కనబడలేదు.

అరుగుదల - ఎముక నష్టం

పాత రకపు గిన్నె ఏడాదికి సుమారు 0.1 మిల్లీమీటరు అరిగేది. వినడానికి ఇది స్వల్పమే. కానీ రాలే రేణువులు చాలావరకు ఒక మైక్రాను కంటె చిన్నవి. సంఖ్య కోట్లలో ఉంటుంది. శరీరంలోని భక్షక కణాలు వీటిని మ్రింగి, జీర్ణించుకోలేక, ఎముకను కరిగించే కణాలను ప్రేరేపించే పదార్థాలను విడుదల చేస్తాయి. క్రమంగా లోహపు భాగం చుట్టూ ఎముక తరిగి కీలు వదులవుతుంది. కీలు వదులు కావడానికి ఎముక సిమెంటే కారణమని చాలాకాలం భావించారు; అసలు దోషం ఎక్కువగా ఈ పొడిదేనని తరువాత తేలింది.

శుద్ధిచేసే పద్ధతి కూడా హాని చేసింది. గాలి సమక్షంలో గామా కిరణాలతో శుద్ధి చేసినప్పుడు ప్లాస్టిక్‌లో స్వేచ్ఛా ప్రాతిపదికలు మిగిలి, ఆక్సిజన్‌తో కలిసి పదార్థాన్ని పెళుసుగా మార్చేవి. పెట్టెలో ఏళ్ళ తరబడి నిలువ ఉన్న భాగం వాడకముందే బలహీనపడేది. 1990లలో ఈ పద్ధతిని విడిచి, ఆక్సిజన్ లేని వాతావరణంలో శుద్ధిచేయసాగారు.

వ్యత్యస్త బంధాలు

అదే కిరణాలను ఎక్కువ మోతాదులో, సాధారణంగా 50 నుండి 100 కిలోగ్రేల వరకు ప్రయోగిస్తే గొలుసు అణువుల మధ్య అడ్డబంధాలు ఏర్పడతాయి. అణువులు ఒకే దిక్కుకు సాగి తెగిపోవడం తగ్గుతుంది. 1990ల చివర వాడుకలోకి వచ్చిన ఈ రకం తుంటి కీళ్ళలో అరుగుదలను, మరల శస్త్రచికిత్స చేయవలసిన అవసరాన్ని బాగా తగ్గించింది. మిగిలిన ప్రాతిపదికలను తొలగించడానికి పదార్థాన్ని మరల కరిగిస్తే దాని దృఢత్వం కొంత తగ్గుతుంది. కరిగించకుండా వేడిచేస్తే కొన్ని ప్రాతిపదికలు మిగిలిపోతాయి. ఈ చిక్కుకు పరిష్కారంగా విటమిన్ ఇ కలిపిన రకం 2007 ప్రాంతంలో వచ్చింది.

మోకాలు

మోకాలిలో పరిస్థితి వేరు. ఇక్కడ జారుడు కంటె ఒత్తిడి ఎక్కువ. ప్లాస్టిక్ పలక గుంటలుపడి, పొరలుగా ఊడే ప్రమాదమున్నది. అందుచేత అడ్డబంధాల ప్రయోజనం తుంటిలో వలె అంత స్పష్టంగా కనబడలేదు. మోకాలిని పూర్తిగా మడిచినప్పుడు బరువు పలక వెనుక అంచుపై పడుతుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి ప్రాంతాలలో కలుపుతీత, వేరుశనగ కాయలు వలవడం మొదలైనవి గొంతుక్కూర్చుని చేసే పనులు. శస్త్రచికిత్స అనంతరం వైద్యులు వీటిని మానమని చెప్పడానికి ఇదొక కారణం.

భారతదేశంలో 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల నిర్ణాయక సంస్థ మోకాలి భాగాలకు గరిష్ఠ ధరలు విధించింది. కోబాల్టు-క్రోమియం రకపు పూర్తి మోకాలికి పన్ను కాక రూ. 54,720గా నిర్ణయించింది.

పలక మాత్రమే అరిగి, లోహపు భాగాలు గట్టిగా ఉంటే పలకను ఒక్కదానినే మార్చే వీలున్నది. ఎముక కరిగిన తరువాత చికిత్స చాలా కష్టం. ఎముక నష్టం తొలిదశలో నొప్పి కలిగించదు కనుక, నడక బాగున్నప్పటికీ వైద్యుడు చెప్పిన గడువు ప్రకారం ఎక్స్‌రే తీయించుకోవడం అవసరం.