రాగిరేకు మీద ఎవరి చేవ్రాలు?

సూర్య యంత్రం గీసిన రాగిరేకును దగ్గరగా పట్టుకుని చూస్తే అందులో ఉండేవి తొమ్మిది గళ్లు, తొమ్మిది అంకెలు. పై వరుసలో 6, 1, 8. నడిమి వరుసలో 7, 5, 3. కింద 2, 9, 4. అడ్డంగా, నిలువుగా, ఐమూలగా ఎటు కూడినా 15. ఆ రేకును తలకిందులు చేసి చదివితే అది చైనావాళ్ల లోషు చదరం. తావో మతాచార్యులు క్రతువుల్లో నక్షత్రాల మీద నడిచినట్టు అడుగులు వేసేది ఆ తొమ్మిది గళ్ల లెక్కనే. అవే అంకెలను అరబ్బీ లిపిలో రాస్తే ముస్లిం తావీజు అవుతుంది. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలను ఇలా అమర్చడానికి దారి ఒక్కటే. తిప్పినా, అద్దంలో చూసినా వచ్చేవి దాని ఎనిమిది రూపాలే. అందుకే ఎవరి నుంచి ఎవరు నేర్చుకున్నారన్న తగాదా అంత పనికొచ్చేది కాదు. బడిపిల్లవాడు కూడా గీయగల చదరం ఒకరి చేతిలో ఉత్త లెక్కగానూ మరొకరి చేతిలో రక్షగానూ ఎందుకు చెల్లుతుందో అడగాలి. అనంతపురం సీమ చరిత్రలో దీనికి జవాబు దొరుకుతుంది: తాయెత్తుకు చెల్లుబాటు ఇచ్చేది అందులోని రాత కాదు, ఆ రాత రాయడానికి చేతికి దక్కిన అనుమతి. ఆ అనుమతి నడిచే తీరు రాజ్యం దస్తావేజుల తీరును పోలి ఉంటుంది.

ఈ పోలికను చైనాలో ఎవరూ దాచిపెట్టలేదు. అక్కడ తావో తాయెత్తును ‘ఫు’ అంటారు. అంతకుముందు ఆ పేరు సైనిక ముద్రికది. పులి ఆకారంలో పోతపోసిన కంచు ముద్రికను రెండు ముక్కలు చేసి, ఒకటి రాజు, ఒకటి సేనాపతి ఉంచుకునేవారు. రెండూ అతికితేనే సైన్యం కదిలేది. క్రీ.శ. 142లో సిచువాన్ కొండల్లో లావోజీ దర్శనం పొందాడని చెప్పే జాంగ్ దావోలింగ్‌తో మొదలైన దివ్యాచార్య పరంపర ఈ పద్ధతిని దేవలోకానికి ఎక్కించింది. దీక్ష తీసుకున్న ఆచార్యుడికి ఒక జాబితా ఇస్తారు. అతని మాట వినవలసిన దేవసేనానుల పేర్లు అందులో ఉంటాయి. జాబితా పెరిగిన కొద్దీ హోదా పెరుగుతుంది. అతను రాసే తాయెత్తు చివర, చట్టం ప్రకారం తక్షణమే అమలు చేయాలన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. అది హాన్ సామ్రాజ్యపు కచేరీ కాగితాల నుంచి నేరుగా దిగింది. అక్కడి దయ్యాలకు కూడా తాఖీదు వెళ్లాల్సిందే.

మన దగ్గర పోలిక అంత బాహాటంగా లేదు కానీ వస్తువే సాక్ష్యం పలుకుతుంది. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత విజయనగరం రాజధాని పెనుకొండకు మారింది. ఆ రాజులు అగ్రహారం ఇచ్చినా, మాన్యం ఇచ్చినా రాగి రేకుల మీద చెక్కించి, కొసన బెజ్జం పెట్టి, వరాహ ముద్ర ఉన్న కడియం వేసేవారు. చివర రాజు పేరుండదు, దేవుడి పేరుంటుంది: ‘శ్రీ విరూపాక్ష’ అని, తర్వాతి కాలంలో ‘శ్రీ వేంకటేశ’ అని. ఇచ్చిన భూమిని హరించినవాడు వేల ఏళ్లు పురుగై పుడతాడన్న శాపం ఉండనే ఉంటుంది. అంటే లోహం, చేవ్రాలు, ముద్ర, బెదిరింపు. ఇప్పుడు తాయెత్తు చూడండి: పలచని రాగిరేకు, మొన తేలిన ఇనుప ఘంటంతో గీత, బీజాక్షరం, రేకును చుట్టి గొట్టంలో దూర్చి లక్కతో మూత. జానపద మంత్రాలు చాలావాటి చివర గురువు మీదో హనుమంతుడి మీదో ఆన పెడతారు. రాగి చవక, తుప్పు పట్టదు, అందుకే రెండు చోట్లా వాడారు, అంతకుమించి ఏమీ లేదని ఎవరైనా అనవచ్చు. రాగి వరకు ఆ మాట నిజమే. కానీ చవకతనం చేవ్రాలును గానీ ఆనను గానీ వివరించదు. మన తాయెత్తులో రాజు పేరు లేకపోవడం కూడా పెద్ద అభ్యంతరం కాదు. శాసనంలోనే రాజు తన పేరు తీసేసి దేవుడి పేరు పెట్టినప్పుడు, మంత్రగాడు అంతకన్నా ఏం చేస్తాడు?

అసలు తేడా వేరే చోట ఉంది. చైనాలో అనుమతి దేవలోకపు కొలువు నుంచి దిగుతుంది. ఇక్కడ గురువు నుంచి శిష్యుడికి చేతులు మారుతుంది. ఏలూరు ప్రాంతంలో పుట్టిన జాఫర్ షరీఫ్ దక్కను ముస్లింల ఆచారాల మీద రాసిన ‘కానూనె ఇస్లాం’ 1832లో ఇంగ్లీషులో అచ్చయింది. అందులో తావీజు చదరాల కంటే నాకు ఆసక్తిగా తోచేది వాటి ముందటి కష్టం. ఒక దివ్యనామాన్ని వాడుకునే హక్కు రావాలంటే ఏకాంతంలో పథ్యం పాటిస్తూ లెక్క ప్రకారం జపించి, ఆ నామానికి జకాత్ చెల్లించాలి. మంత్రశాస్త్రంలో పురశ్చరణ అనేదీ ఇదే లెక్క. పెనుకొండ సూఫీ బాబా ఫక్రుద్దీన్ కథలో గురువైన తిరుచిరాపల్లి నత్తర్ వలీ ఆయనకు ఒక పుల్ల ఇచ్చి, అది ఎక్కడ చిగురిస్తే అక్కడ ఉండమన్నాడని చెబుతారు. అది పెనుకొండలో చిగురించింది. చరిత్రగా దాన్ని రుజువు చేయలేం, కానీ అధికారం ఎలా వస్తుందని జనం అనుకున్నారో ఇంతకన్నా సూటిగా చెప్పే కథ లేదు. ఇటు హంపిలో మాధ్వ యతి వ్యాసరాయలు షట్కోణ యంత్రంలో బంధించినట్టు మలిపించిన ఆంజనేయుడు ఉన్నాడు. గుంతకల్లు దగ్గరి కసాపురం నెట్టికంటి స్వామి కూడా ఆయన ప్రతిష్ఠేనని ఆలయ సంప్రదాయం. యంత్రం ఎక్కడిదైనా, ప్రతిష్ఠించింది ఎవరన్న మాట దాని వెంటే వస్తుంది.

అనంతపురం కరువు సీమ కాబట్టి తాయెత్తులు, చదువు వస్తే పోతాయి అనేది మామూలుగా వినిపించే వాదన. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వాన, 1876-78 నాటి ధాత కరువు, పశువులకు మేత లేని ఏళ్లు: ఆపద మనిషిని రక్ష కోసం తరుముతుందనడంలో సందేహం లేదు. గిరాకీ ఎందుకుందో ఈ వాదన చెబుతుంది. ఒకరి రేకును పక్కన పెట్టి మరొకరి రేకు కోసం రెండు రోజులు నడిచి ఎందుకు వెళతారో చెప్పదు. పైగా తాయెత్తు పేదవాడి సొత్తే కాదు. 1776లో మురారిరావు నుంచి గుత్తి కోటను గెలుచుకున్న హైదరు కొడుకు టిప్పు రాకెట్లు ప్రయోగించిన పాలకుడు. 1799 మే 4న శ్రీరంగపట్నంలో అతని శవం దొరికినప్పుడు కుడి చేతికి పట్టుగుడ్డలో కుట్టిన తాయెత్తు ఉందని, లోపల అరబ్బీ, పారశీ రాతలు ఉన్నాయని ఆంగ్లేయులే రాసిపెట్టారు. అది టిప్పును కాపాడలేదు కదా అంటే, నిజమే. రాజుల సనదులు కూడా ఎన్నో మాన్యాలను కాపాడలేదు.

ఆ సనదుల కథే నా వాదనకు గట్టి ఆధారం. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి దత్తం చేశాడు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ఇనాందార్లు తమ రాగి శాసనాలు, సనదులు మోసుకెళ్లి చూపించి, సర్కారు పట్టా కాగితం తెచ్చుకోవాల్సి వచ్చింది. రాగి అదే, విరూపాక్షుడి పేరు అదే, శాపం అదే. ముద్ర వేసిన కొలువు లేదు కాబట్టి రేకు సాక్ష్యంగా మిగిలింది, ఆజ్ఞగా చెల్లలేదు. అదే కాలంలో తాయెత్తు రాగి మీదే ఉండిపోయింది, ఎందుకంటే దానికి అనుమతి ఇచ్చే గురుపరంపర, దర్గా సిల్సిలా చెదరలేదు. ఇప్పుడు యంత్రాలు అచ్చులో వస్తున్నాయి, అంగట్లో కట్టలుగా దొరుకుతాయి. అయినా కొన్నవారు దాన్ని ఎవరితోనైనా పూజ చేయించి గానీ కట్టుకోరు. సర్కారు కూడా తన వంతు ఆజ్ఞ రాసింది. మందులు, మాయ చికిత్సల అభ్యంతరకర ప్రకటనలను అరికట్టే 1954 చట్టం తాయెత్తు, మంత్రం, కవచం అని పేరుపెట్టి మరీ చెబుతుంది. అయితే అది నిషేధించింది ఫలానా రోగాలు నయమవుతాయని వాటి గురించి చేసే ప్రకటనను. కట్టుకోవడం జోలికి పోలేదు. పరంపర ఉన్నవాడికి ప్రకటనతో పని లేదు కాబట్టి, ఆ చట్టానికి చిక్కేది పరంపర లేని అంగడివాడే.