జాడ తీసే కుక్క, దాని వెనక మనిషి

చిప్పగిరి అనగానే దాసుల పదాలు పాడుకునే పెద్దవాళ్ళు విజయదాసులవారిని తలుచుకుంటారు. ఆయన 1755లో అక్కడే దేహం చాలించారు. కొండమీద పాత జైన ఆలయమూ ఉంది. ఇటు హరినామం, అటు అహింస! ఆ కొండ దిగి ఆలూరు, ఆదోని వైపు వెడితే మాత్రం నల్లరేగడి చేలల్లో కృష్ణజింకల మందలు. జింక ఉన్నచోటికి వేటగాడు రాక మానడు, అతని వెంట కుక్కా రాక మానదు. నేను చెప్పబోయేది ఆ కుక్క సంగతే.

నిక్షేపంలా ఉన్న కృష్ణజింకని పరుగులో పట్టడం ఎంతటి వేటకుక్కకైనా కష్టమని దొరల వేట పుస్తకాలే ఒప్పుకున్నాయి. అందుకే వాళ్ళు కుక్కని గాయపడ్డ జింక మీదికి వదిలేవారు. గుండు తగిలినా జింక అక్కడే పడిపోదు. ఎంతో దూరం పరిగెత్తి ఏ తుమ్మచెట్ల చాటునో కూలబడుతుంది. ఎవరూ వెతికి పట్టకపోతే రాత్రంతా ప్రాణం కొట్టుకుంటూనే ఉంటుంది. వేట పాపమా కాదా అన్నది అలా ఉంచండి, ఆ రాత్రి మాత్రం ముమ్మాటికీ పాపమే.

మనవాళ్ళు కుక్కని చిన్నచూపు చూశారనుకోకండి. ఈ సీమనేలిన కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 'మానసోల్లాసం'లో వంటకాలు, సంగీతంతోపాటు కుక్కల వినోదానికీ చోటిచ్చాడు. అంతకు ముందు, 949 ప్రాంతంలో, కన్నడదేశపు ఆతకూరులో మరీ విడ్డూరం జరిగింది. యుద్ధంలో మెప్పించిన మణలేరుణ్ణి బూతుగ రాజు "ఏం కావాలో కోరుకో" అంటే, అతను 'కాళి' అనే వేటకుక్కని అడిగాడు! ఆ కాళి ఒక అడవిపందితో కలియబడి, దాన్ని చంపి తనూ చచ్చిపోయింది. దానికి రాయి నాటించి, పూజకి మాన్యం ఇచ్చారు. ఆ శాసనం ఇప్పుడు బెంగుళూరు మ్యూజియంలో ఉంది. రాజు పేరుంది, వీరుడి పేరుంది, కుక్క పేరుంది. కాళికి తిండిపెట్టి, తాడుపట్టి పని నేర్పినవాడి పేరే లేదు.

మన బోయల వేట విద్యా నోటిమాటగానే నడిచింది. జర్మనీవాళ్ళు మాత్రం రాసిపెట్టుకున్నారు. గాయపడ్డ మృగం జాడ తీయడమే పనిగా, హనోవరు పేరుతో అక్కడ ఒక కుక్కజాతే ఉంది. ఆ వేటగాళ్ళు మృగం నెత్తుటిని నెత్తురనరు, 'చెమట' అంటారు. మనం రాత్రిపూట పాముని పురుగన్నట్టే కాబోలు!

నేర్పడం ఇలా. అడవిలో నెత్తురు చుక్కలు అక్కడక్కడా చిలకరించి, ఒక రాత్రి ఆరనిచ్చి, మర్నాడు కుక్కకి పొడుగాటి తాడు కట్టి నడిపిస్తారు. చివర ఒక తోలుముక్క పెడతారు. వాసన పట్టడం కుక్కకి పుట్టుకతోనే వచ్చు. మధ్యలో మంచి జింకల జాడలు అడ్డం వచ్చినా అటు మళ్ళకుండా ఉండడమే అది నేర్చుకోవాలి. తాడు పట్టినవాడి చదువు ఇంకా కష్టం. ఎర్రగా నురుగు కడితే దెబ్బ ఊపిరితిత్తికి, ముదురు రంగైతే కాలేయానికి, మేత తుంపులు కలిస్తే కడుపుకి. కడుపు దెబ్బైతే గంటలకొద్దీ ఆగాలి. తొందరపడితే పడుకున్న జింక లేచి ఇంకా దూరం పోతుంది. తన కంటికేమీ కనపడకపోయినా కుక్కనే నమ్మి వెనక నడవాలి. మగవారికి అలవాటులేని పని మరి!

1972 చట్టంతో మనకి జింకల వేట నేరమైంది. పంట పోగొట్టుకున్న రైతుకి వాటిమీద ప్రేమ ఉండమంటే ఎలా ఉంటుంది? అయినా ఉచ్చులు పెట్టేవాళ్ళు వేరే ఉన్నారు. 2008 నుంచి మన దేశంలో అటవీశాఖల కోసం కుక్కల్ని తయారుచేస్తున్నారు. ఒక్కో కుక్కకి ఇద్దరు మనుషులు, నెలల తరబడి దానితోనే ఉండి నేర్చుకుంటారు. దాచిన తోలూ ఎముకా పసిగట్టడం, వేటగాడి అడుగుల వెంట పోవడం ఇప్పుడు వాటి పని.