పుల్‌మన్ పోర్టర్లు: రైలు బోగీల్లో ఎదిగిన నాయకత్వం

అమెరికా నల్లజాతి ప్రజల పోరాటం అనగానే మన పాఠాల్లో, మన సభల్లో వినిపించే పేరు మార్టిన్ లూథర్ కింగ్. ఆయన గొప్పతనాన్ని ఎవరూ కాదనరు. కానీ ఆయన నిలబడి మాట్లాడిన వేదికను కట్టినవాళ్లు ఎవరు? ఒక ఊళ్లో వేలాది మంది ఏడాదికి పైగా బస్సు ఎక్కకుండా కాలినడకన పనికి పోయేంత కట్టుబాటు ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెనక్కి పోతే, రైలు బోగీల్లో పడకలు సర్ది, ప్రయాణికుల బూట్లు తుడిచిన పోర్టర్ల దగ్గర ఆగుతాం. వాళ్లు కట్టుకున్న సంఘం కథ మన యువతకూ ఉపాధ్యాయులకూ తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

అందరినీ ‘జార్జ్’ అనే పిలిచేవాళ్లు

1865లో అంతర్యుద్ధం ముగిసి అమెరికాలో బానిసత్వం రద్దయింది. దాదాపు నలభై లక్షల మంది నల్లవాళ్లకు విముక్తి వచ్చింది గానీ భూమి రాలేదు, కూలికి గ్యారంటీ రాలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే షికాగోకు చెందిన జార్జ్ పుల్‌మన్ అనే వ్యాపారి డబ్బున్నవాళ్ల కోసం పడకలున్న రైలు బోగీలు తయారుచేసి నడపసాగాడు. వాటిలో ప్రయాణికులకు సేవ చేయడానికి నిన్నటిదాకా బానిసలుగా ఉన్నవాళ్లను పనిలో పెట్టుకున్నాడు. తక్కువ జీతానికి దొరుకుతారని, ఎదురు చెప్పరని ఆయన లెక్క. కొన్ని దశాబ్దాల్లోనే అమెరికాలో నల్లవాళ్లకు అత్యధికంగా ఉద్యోగాలిచ్చే సంస్థ పుల్‌మన్ కంపెనీయే అయింది. 1897లో పుల్‌మన్ చనిపోయాక ఆ కంపెనీకి అధ్యక్షుడైనవాడు రాబర్ట్ లింకన్. బానిసత్వాన్ని రద్దుచేసిన అబ్రహాం లింకన్‌కు సొంత కొడుకు.

ఇక్కడ పోర్టర్ అంటే మన స్టేషన్లలో సామాను మోసే కూలీ అనుకోకూడదు. బోగీలో రాత్రింబగళ్లు ఉండే పనివాడు. పడకలు వేయాలి, తీయాలి, బోగీ ఊడ్వాలి, బూట్లకు పాలిష్ పెట్టాలి, అర్ధరాత్రి గంట మోగితే లేవాలి. నెలకు 400 గంటలు పనిచేస్తే, లేదా 11,000 మైళ్లు తిరిగితే గానీ పూర్తి జీతం లేదు. 1926 ప్రాంతంలో ఆ జీతం నెలకు 67 డాలర్ల 50 సెంట్లు. రైలు బయలుదేరే ముందు గంటల తరబడి చేసే తయారీ పని లెక్కలోకి రాదు. పాలిష్ డబ్బా సొంత డబ్బుతో కొనుక్కోవాలి. ప్రయాణికుడు తువ్వాలు ఎత్తుకుపోతే దాని ఖరీదు పోర్టర్ జీతంలో కోత. ఇల్లు గడవాలంటే ప్రయాణికులిచ్చే టిప్పులే దిక్కు. కాబట్టి అవమానించినా నవ్వుతూ ఉండాలి.

అన్నిటికన్నా గుచ్చుకునేది పిలుపు. ఏ పోర్టర్‌నైనా తెల్ల ప్రయాణికులు ‘జార్జ్’ అని పిలిచేవాళ్లు. బానిసను యజమాని పేరుతో పిలిచే పాత అలవాటు అలా మిగిలింది. జార్జ్ పుల్‌మన్ మనుషులు కాబట్టి అందరూ జార్జ్‌లే. తల్లిదండ్రులు పెట్టిన పేరు బోగీ ఎక్కగానే చెల్లకుండా పోయేది. బడి రిజిస్టర్లో పేరు మారిపోయి వచ్చిన ఆదివాసీ పిల్లలకు ఈ బాధ కొత్తగా వివరించనక్కర్లేదు.

అయితే ఈ పనికి ఇంకో ముఖం కూడా ఉంది. పోర్టర్ దేశమంతా తిరిగేవాడు. ఉత్తరాది నగరాల్లో నల్లవాళ్లు ఎలా బతుకుతున్నారో దక్షిణాదిలోని తనవాళ్లకు చెప్పేవాడు. షికాగోలో అచ్చయ్యే నల్లవాళ్ల పత్రిక ‘షికాగో డిఫెండర్’ కట్టలను రైళ్లలో దక్షిణాదికి మోసుకెళ్లి చేర్చినవాళ్లు పోర్టర్లే. తన పేటలో పోర్టర్‌కు గౌరవం ఉండేది. లోకం చూసినవాడని నలుగురూ అతని మాట వినేవాళ్లు. బోగీలో పేరు లేనివాడు పేటలో పెద్దమనిషి. ఈ రెండు బతుకుల మధ్య ఉన్న దూరమే వాళ్లలో సంఘం కట్టాలన్న పట్టుదల పెంచింది.

1925 ఆగస్టు 25

అంతకు ముందు కూడా పోర్టర్లు సంఘం పెట్టాలని ప్రయత్నించారు. నోరు తెరిచినవాడినల్లా కంపెనీ పనిలోంచి తీసేసేది. అందుకే ఆష్లీ టాటెన్ లాంటి కొందరు పోర్టర్లు ఒక ఆలోచన చేశారు. కంపెనీ ఉద్యోగం కానివాడైతే కంపెనీ తీసేయలేదు కదా! అలా వాళ్లు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్‌ను వెతుక్కున్నారు. ఆయన ఫ్లోరిడాలో 1889లో ఒక పేద పాస్టర్ ఇంట పుట్టాడు. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో స్థిరపడి, 1917 నుంచి ‘ది మెసెంజర్’ అనే పత్రిక నడుపుతున్న సోషలిస్టు. 1925 ఆగస్టు 25న హార్లెమ్‌లో జరిగిన సభలో ‘బ్రదర్‌హుడ్ ఆఫ్ స్లీపింగ్ కార్ పోర్టర్స్’ సంఘం మొదలైంది.

రాండాల్ఫ్ ఏనాడూ పోర్టర్‌గా పనిచేయలేదు. ఇది సంఘానికి బలమూ అయింది, చిక్కూ అయింది. బయటివాడికి మన కష్టం ఏం తెలుసని కంపెనీ మనుషులు ప్రచారం చేశారు. ఆ ప్రచారం నిలబడకపోవడానికి కారణం ఊరూరా లేచిన స్థానిక నాయకులు. షికాగోలో మిల్టన్ వెబ్‌స్టర్, ఓక్లండ్‌లో సి. ఎల్. డెల్లమ్స్ లాంటివాళ్లు బోగీల్లో పనిచేసినవాళ్లు. సంఘం ముఖ్యనిర్ణయాలు రాండాల్ఫ్ ఒక్కడి నోటి నుంచి రాలేదు. ఆయన మాటకు వెబ్‌స్టర్ ఎదురు చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. బయట మాట్లాడేవాడు ఒకరు, లోపల నడిపేవాళ్లు పదిమంది. సంఘం నిలబడింది ఈ ఏర్పాటు మీదే.

ఎదురు నిలిచినవాళ్లు

కంపెనీ తానే ఒక కీలుబొమ్మ సంఘం పెట్టి, అది ఉండగా మీకు ఇంకో సంఘం ఎందుకంది. పోర్టర్ల మధ్యే వేగులను పెట్టింది. సంఘంలో చేరాడని తెలిస్తే ఉద్యోగం పోయేది. కొన్ని బోగీల్లో నల్లవాళ్లకు బదులు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్లను పెట్టి, మీరు కాకపోతే వేరేవాళ్లు ఉన్నారని బెదిరించింది. ఒక పీడిత జనాన్ని ఇంకో పీడిత జనం మీదికి తోలడం యజమానులకు అన్ని దేశాల్లోనూ తెలిసిన విద్యే.

మరింత బాధాకరమైన సంగతి ఏమంటే, సొంతవాళ్లలో చదువుకున్న పెద్దలు కూడా మొదట్లో కలిసిరాలేదు. నల్లవాళ్లకు ఉద్యోగాలిచ్చే కంపెనీతో తగాదా పెట్టుకోవద్దని చాలామంది పాస్టర్లు హితవు చెప్పారు. పోర్టర్లు మోసి నిలబెట్టిన ‘షికాగో డిఫెండర్’ పత్రికే రెండేళ్లకు పైగా సంఘాన్ని వ్యతిరేకించి, ఆ తర్వాత గానీ మనసు మార్చుకోలేదు. అలాంటి రోజుల్లో మూకహత్యలకు వ్యతిరేకంగా కలం పట్టిన ఐడా బి. వెల్స్ షికాగోలో సంఘం పక్షాన నిలిచారు.

తెల్ల కార్మికుల సంఘాల సంగతి వేరే చెప్పాలా? వాటిలో చాలా వాటికి నల్లవాళ్లను చేర్చుకోకూడదన్న నియమమే ఉండేది. ఆ సంఘాలన్నిటికీ పెద్ద దిక్కైన అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్‌లోకి పోర్టర్లు తలుపు తోసుకుని వెళ్లాల్సి వచ్చింది. 1935లో ఆ గుర్తింపు సంపాదించాక కూడా రాండాల్ఫ్ ఏటేటా ఆ మహాసభల్లో లేచి, మీ సంఘాల్లో వర్ణవివక్ష ఎప్పుడు పోతుందని అడుగుతూనే ఉన్నాడు.

ఇళ్లల్లో నడిచిన సంఘం

పోర్టర్ నెలలో ఎక్కువ రోజులు రైల్లోనే ఉంటాడు. పైగా వేగుల భయం. అలాంటప్పుడు మీటింగులు ఎవరు పెట్టారు, చందాలు ఎవరు వసూలు చేశారు? పోర్టర్ల భార్యలు. వాషింగ్టన్‌లో రోసీనా టక్కర్ అనే ఆమె ఇల్లిల్లూ తిరిగి, కరపత్రాలు పంచి, చందాలు పోగుచేసి గుట్టుగా సంఘానికి చేర్చేది. ఆమె ఇంట్లోనే రహస్య సమావేశాలు జరిగేవి. ఈ సంగతి తెలిసి కంపెనీ ఆమె భర్తను పనిలోంచి తీసేసింది. ఆమె నేరుగా అధికారి గదిలోకి పోయి, బల్ల మీద చరిచి, నా పనికీ నా మొగుడి ఉద్యోగానికీ సంబంధం ఏమిటని నిలదీసింది. ఉద్యోగం తిరిగి వచ్చింది. నూరేళ్లు దాటి బతికిన ఆమె ముసలితనంలోనూ ఈ కథను కొత్త తరానికి చెబుతూనే ఉంది.

రాండాల్ఫ్ భార్య లూసిల్ గ్రీన్ హార్లెమ్‌లో బ్యూటీ పార్లర్ నడిపేది. జీతం లేని రోజుల్లో ఆయన ఇల్లూ పత్రికా నడిచింది ఆమె సంపాదనతోనే. మొదట్లో సంఘం పేరులో పోర్టర్లతో పాటు బోగీల్లో పనిచేసే ఆడవాళ్ల ప్రస్తావన కూడా ఉండేది. తర్వాత ఆ మాట పేరులోంచి పోయింది. మహిళలకు విడిగా సహాయక సంఘం ఏర్పడి, 1938లో దేశవ్యాప్త సంస్థ అయింది. సంఘాన్ని ఇళ్లల్లో బతికించినవాళ్ల పేరు సంఘం బోర్డు మీద లేకపోవడం ఈ చరిత్రలోని లోటు. దీన్ని దాచకుండా చెప్పుకోవాలి.

పన్నెండేళ్ల ఓపిక

1928లో సమ్మె చేయాలని తీర్మానించి, చివరి నిమిషంలో విరమించుకున్నారు. కంపెనీ ఎగతాళి చేసింది, సభ్యులు నిరాశపడ్డారు. ఆ వెంటనే ఆర్థిక మాంద్యం వచ్చి పడింది. 1933 నాటికి సభ్యులు 658 మందే మిగిలారు. అద్దె కట్టలేక ఆఫీసులు ఖాళీ చేశారు. అయినా వెబ్‌స్టర్, డెల్లమ్స్ లాంటివాళ్లు తమ ఊళ్లలో దీపం ఆరనీయలేదు.

1934లో రైల్వే కార్మిక చట్టాన్ని సవరించారు. పోర్టర్లు ఆ చట్టం కిందికి వచ్చారు. కంపెనీలు పెట్టే కీలుబొమ్మ సంఘాలకు చోటు పోయింది. 1935లో జరిగిన ఓటింగులో బ్రదర్‌హుడ్‌కు 5,931 ఓట్లు, కంపెనీ సంఘానికి 1,422 ఓట్లు వచ్చాయి. చివరికి 1937 ఆగస్టు 25న, సంఘం పుట్టి సరిగ్గా పన్నెండేళ్లు నిండిన రోజున, పుల్‌మన్ కంపెనీ ఒప్పందం మీద సంతకం పెట్టింది. నెలకు 400 గంటల పని 240 గంటలకు తగ్గింది, జీతాలు పెరిగాయి. ఒక నల్లజాతి కార్మిక సంఘం అమెరికాలోని పెద్ద కంపెనీ చేత ఒప్పందం చేయించుకోవడం అదే మొదటిసారి.

చట్టం వచ్చాక సంఘం పెట్టుకుందామని వాళ్లు కూర్చుని ఉంటే ఆ ఓటింగులో కంపెనీ సంఘమే గెలిచేది. ఆ 658 మంది నిలబడి ఉండబట్టే చట్టం వాళ్లకు అక్కరకు వచ్చింది.

సంఘం నుంచి సమాజంలోకి

గెలిచాక పోర్టర్లు తమ జీతంతో తృప్తిపడి ఊరుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆయుధ కర్మాగారాల్లో నల్లవాళ్లకు పని ఇచ్చేవాళ్లు కాదు. లక్ష మందితో వాషింగ్టన్‌కు వస్తామని 1941లో రాండాల్ఫ్ ప్రకటించాడు. ఊరూరా ఆ కబురు చేరవేసింది పోర్టర్లే. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దిగివచ్చి 1941 జూన్ 25న ఆ పరిశ్రమల్లో వివక్షను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. దాని అమలు చూసే కమిటీలో మిల్టన్ వెబ్‌స్టర్ సభ్యుడయ్యాడు. ఆ తర్వాత రాండాల్ఫ్ మన దేశంలో గాంధీ నడిపిన సహాయ నిరాకరణ పద్ధతులను తమ ఉద్యమానికి నమూనాగా తీసుకున్నాడు. 1948లో సైన్యంలో వర్ణవివక్షను రద్దుచేస్తూ వచ్చిన ఉత్తర్వు వెనకా ఆయన ఒత్తిడి ఉంది.

అయితే ఈ సంఘం తయారుచేసిన నాయకత్వాన్ని బాగా చూడాలంటే అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీకి వెళ్లాలి. అక్కడ ఇ. డి. నిక్సన్ అనే పోర్టర్ ఉండేవాడు. బడిలో గడిపింది ఏడాదిన్నర కూడా లేదు. 1928లో రాండాల్ఫ్ ప్రసంగం విని సంఘంలో చేరి, తన ఊరి శాఖకు అధ్యక్షుడయ్యాడు. సంఘంలో నేర్చిన పనిని పేటకు తెచ్చాడు. ఎవరినైనా పోలీసులు పట్టుకుంటే, ఎవరికైనా ఓటు నమోదు కాకపోతే జనం నిక్సన్ తలుపు తట్టేవాళ్లు. నల్లజాతి హక్కుల సంస్థ అయిన ఎన్‌ఏఏసీపీ స్థానిక శాఖను ఆయన నడిపినప్పుడు కార్యదర్శిగా పనిచేసిన కుట్టుపని మహిళ పేరు రోసా పార్క్స్.

1955 డిసెంబర్ 1న బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనందుకు రోసా పార్క్స్‌ను అరెస్టు చేశారు. బెయిలు కోసం వెళ్లినవాడు నిక్సన్. ఆ రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే అధ్యాపకురాలు, ఆమె మహిళా మండలి కలిసి వేల కరపత్రాలు అచ్చుతీశారు. నిక్సన్ పాస్టర్లకు ఒక్కొక్కరికీ ఫోన్లు చేశాడు. వాళ్లలో 26 ఏళ్ల మార్టిన్ లూథర్ కింగ్ ఒకరు. మొదటి సమావేశానికి నిక్సన్ ఉండలేకపోయాడు, రైలు డ్యూటీ పడింది మరి! తిరిగి వచ్చాక, పేర్లు బయటపడకుండా గుట్టుగా ఉద్యమం నడుపుదామని కొందరు పాస్టర్లు అంటుంటే, తెల్లవాళ్ల ఇళ్లల్లో బట్టలుతికే ఆడవాళ్ల కష్టార్జితంతో ఇన్నాళ్లూ బతికి ఇప్పుడు దాక్కుంటారా అని మొహం మీదే అడిగాడు. బస్సుల బహిష్కరణ 381 రోజులు సాగింది. మధ్యలో నిక్సన్ ఇంటి మీద బాంబు వేశారు. చివరికి సుప్రీంకోర్టు తీర్పుతో 1956 డిసెంబర్‌లో బస్సుల్లో వేర్పాటు పోయింది.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా ఉంది. ఉద్యమం గెలిచేసరికి చదువుకున్నవాళ్లు ముందుకొచ్చారు, నిక్సన్ పక్కకు జరిగిపోయాడు. తనను నిన్న మొన్న వచ్చినవాడిలా చూస్తున్నారని నొచ్చుకుని 1957లో కోశాధికారి పదవికి రాజీనామా చేశాడు. తర్వాతి రోజుల్లో ఆయన పేరు చెప్పుకున్నవాళ్లు తక్కువ.

1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో రెండున్నర లక్షల మంది కదిలిన ప్రదర్శనకు పెద్దగా నిలిచింది డెబ్బై నాలుగేళ్ల రాండాల్ఫే. ‘ఉద్యోగాలు, స్వేచ్ఛ’ అన్నది ఆ ప్రదర్శన పేరులోనే ఉంది. కింగ్ ప్రసంగం మనకు గుర్తుంది, ఉద్యోగాల మాట మరిచిపోయాం.

మనం తీసుకోవాల్సింది

మన పరిస్థితీ వాళ్ల పరిస్థితీ ఒకటేనని మేము చెప్పడం లేదు. వాళ్లను భూమి నుంచి ఎత్తుకెళ్లి బానిసలను చేశారు. మనం మన భూమి మీదే ఉండి దాని కోసం కొట్లాడుతున్నాం. కానీ వాళ్ల అనుభవంలో మనకు పనికొచ్చే మాటలు ఉన్నాయి. మన చేతిలో 1/70 చట్టం ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. గ్రామసభ బతికున్న చోట అవి పనిచేస్తాయి. గ్రామసభ పేరుకే ఉన్న చోట కాగితాలుగా మిగులుతాయి. 658 మంది పోర్టర్ల కథ చెప్పేది ఇదే.

చదువుకుని ఉద్యోగాల్లో చేరుతున్న మన యువతకు ఇంకో మాట. గూడెంలో ఏళ్ల తరబడి పట్వారీ చుట్టూ, ఫారెస్టు ఆఫీసు చుట్టూ తిరిగి దరఖాస్తులు మోసిన పెద్దలు ఉన్నారు. వాళ్లకు చదువు రాకపోవచ్చు. మైకు మన చేతికి వచ్చిన రోజున వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఉపాధ్యాయులు ఈ పాఠం చెప్పేటప్పుడు కింగ్‌తో పాటు నిక్సన్ పేరూ, రోసీనా టక్కర్ పేరూ బోర్డు మీద రాయాలి. ఆ తర్వాత పిల్లలను వాళ్ల గూడేల్లోకి పంపి, సంఘం కోసం తిరిగిన అవ్వల పేర్లు, తాతల పేర్లు అడిగి రాసుకు రమ్మనాలి. అసలు పేర్లే రాయాలి, రిజిస్టర్లో మారిపోయిన పేర్లు కాదు.